నా నవలని "తెలుగులో రాసిన ఇంగ్లీషు నవల" అని తిప్పి పంపారు. దేవదూతలు, నరకం మనకి అచ్చిరావా?

ఉప్పుగాలి
మూడేళ్ళు కూర్చుని రాసిన నవల, 310 పేజీలు. ఒక వెబ్ పత్రికకి పంపితే ఐదు నెలల తర్వాత రెండే రెండు వాక్యాల జవాబొచ్చింది. "వాక్యం బాగుంది. కానీ ఇది తెలుగులో రాసిన ఇంగ్లీషు నవల." ఎక్కడ ఇంగ్లీషో చెప్పరు, ఏం మార్చాలో చెప్పరు. ఫోన్ చేసి అడుగుదామంటే నంబరు లేదు.

కథ క్లుప్తంగా ఇదీ. అర్బన్ ఫాంటసీ, వైజాగ్ వన్‌టౌన్‌లో జరుగుతుంది. హార్బర్‌లో క్రేన్ ఆపరేటర్ సింహాచలం మే నెలలో ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా పోతాడు. అతని ఆత్మ కోసం ఒక దేవదూత, ఒక రాక్షసుడు వస్తారు. దేవదూత పేరు ఏరియన్, రెక్కలు కనపడకుండా రెయిన్‌కోటు వేసుకుంటాడు. రాక్షసుడి పేరు మోర్గాన్, పొడవాటి నల్లకోటు, చేతిలో సిగరెట్టు. ఇద్దరికీ వేల ఏళ్ళ పరిచయం, పైకి శత్రువులు, లోపల స్నేహితులు. స్వర్గానికీ నరకానికీ యుద్ధం రాబోతోంది, సింహాచలం ఆత్మ ఎవరికి దక్కితే గెలుపు వాళ్ళది.

వీధులన్నీ నేను పుట్టి పెరిగినవే. మనుషులందరూ మావాళ్ళే. ఇంకా ఇంగ్లీషు ఎక్కడుంది?

కంచరపాలెం_కుర్రాడు
మే నెల, వైజాగ్, నల్లకోటు. పాత పోస్టాఫీసు దగ్గర్నుంచి కోటవీధి ఎక్కేలోపు మోర్గాన్ చెమటకే పోతాడు గురూ.

మిర్చిబజ్జీ
ముందే చచ్చినోడు మళ్ళీ ఎలా పోతాడు?

కంచరపాలెం_కుర్రాడు
అందుకే కదా దాన్ని నరకం అంటారు.

పద్యపిచ్చి
కోటు సంగతి తర్వాత. అసలు తేడా మీ యుద్ధంలో ఉంది. స్వర్గం ఒక పార్టీ, నరకం ఇంకో పార్టీ, సింహాచలం ఆత్మ మధ్యలో గెలిపించే ఓటు అన్నట్టు రాశారు. మన దగ్గర నరకం దేవుడికి ఎదురు పార్టీ కాదండీ, అదొక డిపార్ట్‌మెంటు. యముడు ధర్మరాజు, దిక్పాలకుల్లో ఒకడు, దక్షిణం ఆయన డ్యూటీ. రాక్షసులకీ నరకానికీ సంబంధమే లేదు, వాళ్ళ ఊళ్ళు వేరు, వాళ్ళ మేడలు వేరు. యమదూత చూడ్డానికి భయంకరంగా ఉంటాడు గానీ చెడ్డవాడు కాదు, చెప్పిన పని చేసుకుపోతాడు. పైగా మన నరకం శాశ్వతం కాదు, పాపం అరిగేదాకా ఉండి మళ్ళీ పుట్టాలి. స్వర్గమూ అంతే, పుణ్యం ఖర్చయిపోతే కిందికి దించేస్తారు. రెండూ లాడ్జీలే, ఏదీ సొంతిల్లు కాదు. అలాంటప్పుడు ఒక్క క్రేన్ ఆపరేటర్ ఎవరికి దక్కితే ఏంటి, యుద్ధం దేనికి?

గొడవ కావాలంటే మనకీ ఉంది, అజామిళుడి కథ. జీవితమంతా అడ్డంగా బతికినవాడు, పోయేముందు భయంతో చిన్న కొడుకుని "నారాయణా" అని పిలిచాడు. యమదూతలు తాళ్ళు వేశాక విష్ణుదూతలు వచ్చి అడ్డుపడి, ధర్మం అంటే ఏంటో మీకు తెలిస్తే చెప్పండి అని నిలదీశారు. కత్తులు తియ్యలేదు, వాదించారు. ఓడిపోయిన యమదూతలు ఉత్తచేతుల్తో వెనక్కెళ్ళి యముణ్ణే అడుగుతారు, అసలు ఈ లోకానికి శిక్షించే అధికారులు ఎంతమంది స్వామీ అని. మీ నవల మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పోతన భాగవతం ఆరో స్కంధం తీసి చదవండి.

అలమారా
చిన్న దిద్దుబాటు. ఆరో స్కంధం పోతనది కాదు, ఏర్చూరి సింగన రాశాడు. 28 నరకాల పేర్లున్న ఐదో స్కంధం గంగనది. చివరి రెండూ వెలిగందల నారయవి. మొత్తం పుస్తకానికి పోతన పేరు పడిపోయింది, మిగతా ముగ్గురినీ జనం మర్చిపోయారు.

పద్యపిచ్చి
ఒప్పుకున్నా. పేరు పెట్టుకుని మరీ దొరికిపోయాను.

మిర్చిబజ్జీ
చిత్రగుప్తుడి దగ్గర రాయించుకో అలమారా అన్నా, పుణ్యం ఖాతాలో.

ఉప్పుగాలి
@పద్యపిచ్చి మీరు చెప్పింది అర్థమైంది. కానీ నా సింహాచలం ఒక్క మతంలో ఇమిడేవాడు కాదండీ, అక్కడే వచ్చింది చిక్కు. వాళ్ళమ్మ సింహాచలం కొండ మీది అప్పన్న భక్తురాలు, అందుకే ఆ పేరు. పెళ్ళాం జ్ఞానాపురం క్రిస్టియన్. వీడు చిన్నప్పుడు జబ్బు చేసి దర్గాకొండ మీద తాయెత్తు కట్టించుకున్నాడు, అప్పట్నుంచీ గురువారం గురువారం అక్కడికెళ్తాడు. వన్‌టౌన్‌లో హార్బర్ వైపు మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయని వైజాగ్ వాళ్ళకి తెలుసు కదా. ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద దర్గా, మూడోది రాస్ హిల్, దాని మీద మరియమ్మ చర్చి. ఓడ లోపలికి రావాలంటే ఆ మూడింటికీ యారాడ కొండకీ మధ్య నుంచే రావాలి. వీడు మూడు కొండలకీ మొక్కినవాడు. అందుకనే అందరికీ పనికొచ్చేలా ఉంటుందని దేవదూత, రాక్షసుడు అని పెట్టాను.

కంచరపాలెం_కుర్రాడు
ఒరేయ్, అసలు కథ ఇక్కడ పెట్టుకుని మోర్గాన్‌కి సిగరెట్లు కొనిపెడతావేంటి.

జ్ఞానాపురం_పిల్ల
"అందరికీ పనికొచ్చేలా" అన్న దగ్గరే ఇంగ్లీషు దూరింది. ఎవరికీ పనికిరాని మాటలు వాడారు. మా ఇంట్లో ఏంజెల్ అంటే సన్మనస్కుడు. మేం కథోలికులం. కావలి సన్మనస్కుడికి ప్రార్థన చెప్పుకోకుండా చిన్నప్పుడు పడుకోనిచ్చేది కాదు మా అమ్మ. మా పిన్ని పెళ్ళయి ప్రొటెస్టెంట్లలోకి వెళ్ళింది, ఆవిడకి దేవదూత. మేం పిశాచి అంటాం, వాళ్ళు అపవాది, సాతాను, దయ్యములు అంటారు. ఒకే వీధిలో రెండు ఇళ్ళు, రెండు నిఘంటువులు. ఇంక రాక్షసుడు అన్న మాట మా రెండిళ్ళలోనూ లేదు. ఆ మాట వింటే నాకు పది తలలు, మీసాలు కనిపిస్తాయి గానీ సాతాను కనిపించడు.

ఇంకోటి. స్వర్గానికీ నరకానికీ మధ్య మాకు ఉత్తరించు స్థలం ఉంది. అక్కడున్న ఆత్మల కోసం కిందున్నవాళ్ళు ప్రార్థన చెయ్యాలి. నవంబరు 2న సమాధుల పండుగకి వచ్చి చూడండి, సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి రాత్రిదాకా కూర్చుంటారు. మా తాతకి ఇష్టమని మా నాన్న ఒక బీడీ కూడా పెట్టి వస్తాడు, ఫాదర్‌గారు చూసీ చూడనట్టు వెళ్ళిపోతారు.

న్యూజెర్సీ_నాగమణి
ఉత్తరించు స్థలం అన్న మాట ఇప్పుడే వింటున్నా, ఎంత బాగుందో. మావాడు పన్నెండేళ్ళవాడు, ఇంగ్లీషులో ఇలాంటి నవలలు తెగ చదువుతాడు. మొన్న "అమ్మా, యముడికి రెక్కలెందుకు లేవు" అన్నాడు. దున్నపోతు ఉందిరా అంటే "ఇట్స్ స్లో" అన్నాడు.

మిర్చిబజ్జీ
ట్రాఫిక్‌లో దున్నపోతే నయం.

దర్గాకొండ
పేరుకి తగ్గట్టు నేను ఆ కొండ కిందే పెరిగాను. మోర్గాన్ "పైనుంచి పడిపోయిన దేవదూత" అని ఎక్కడైనా రాశారా? రాసి ఉంటే మా వైపు చెల్లదు. ఫరిష్తాలకి ఎదురు తిరగడం రాదు, చెప్పింది చెయ్యడమే. ఇబ్లీసు జిన్నుల్లోవాడని ఖురాన్‌లోనే ఉంది, కహఫ్ సూరా. జిన్నులకి మనలాగే మంచీ చెడూ ఎంచుకునే వీలుంది. కాబట్టి తిరుగుబాటు చేసే పాత్ర కావాలంటే జిన్నుని పెట్టుకోండి, ఫరిష్తాని కాదు.

మా నానమ్మ చెప్పేది, రెండు భుజాల మీదా ఇద్దరు రాసేవాళ్ళు ఉంటారని. కిరామన్ కాతిబీన్. మంచి ఒకరు, చెడు ఒకరు. అబద్ధం ఆడితే నా ఎడం భుజం తట్టి "రాసేశాడు చూడు" అనేది. పోయాక ఖబరులోకి మున్కర్, నకీర్ వచ్చి ప్రశ్నలు అడుగుతారు. నీ ప్రభువెవరు, నీ ధర్మమేంటి, నీ ప్రవక్తెవరు. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఇంకోటుంది. మట్టి ఇచ్చి జనం ఇళ్ళకి నడుస్తుంటే ఆ చెప్పుల చప్పుడు లోపలున్నవాడికి వినిపిస్తుందట. మా నాన్న పోయిన రోజు అది గుర్తొచ్చి నేను చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

ఉప్పుగాలి
@దర్గాకొండ "పడిపోయిన దేవదూత" అని ఉంది. రెండో అధ్యాయం మొత్తం అదే. 40 పేజీలు.

కంచరపాలెం_కుర్రాడు
40 పేజీలు పడ్డాడంటే చాలా ఎత్తు నుంచే పడ్డాడు.

జ్ఞానాపురం_పిల్ల
మా వైపు కూడా మీరనుకున్నంత లేదు. లూసిఫర్ అన్న పేరు తెలుగు బైబిల్లో వెతికినా దొరకదు. ఇంగ్లీషులో ఆ పేరున్న చోట మనకి తేజోనక్షత్రమా, వేకువచుక్కా అని ఉంటుంది, యెషయా 14లో. అది కూడా బబులోను రాజుని ఎత్తిపొడిచే పాట. జనానికి తెలిసిన ఆ పెద్ద తిరుగుబాటు కథలో సగానికి పైగా 1667లో మిల్టన్ రాసిన కావ్యం పుణ్యమే.

పాతరోడ్డు_పంతులు
వేకువచుక్క అని పెట్టుకోవయ్యా ఆ మోర్గాన్‌కి. కోటు కూడా అక్కర్లేదు.

ఆవకాయ99
మూడు మతాలు, మూడు కొండలు, అందరూ మంచోళ్ళే... ఇది పాత సినిమా ఫార్ములా కాదా? చివర్లో ముగ్గురూ చేతులు పట్టుకుని పాట పాడతారా? నాకైతే ఇలాంటి కలగూరగంప మీద నమ్మకం లేదు. పైగా ఈ రోజుల్లో ఎవరి మనోభావాలో దెబ్బతింటాయి, నవల కాదు, రచయిత వెళ్ళి సంజాయిషీలు రాసుకోవాలి.

దర్గాకొండ
@ఆవకాయ99 ఫార్ములా ఎందుకవుతుంది, ఉర్సుకి వచ్చి చూడండి ఎవరెవరు వస్తారో. చేతులు పట్టుకోవడం ఉండదు, క్యూలో తోసుకోవడం ఉంటుంది.

ఆవకాయ99
తోసుకుంటే రాయమనండి. తోసుకోకుండా రాస్తేనే నా బాధ.

చిత్రగుప్తుడి_గుమాస్తా
గరుడ పురాణం సారోద్ధారం చదివినవాడిగా రెండు ముక్కలు. ఇదొక రూట్ మ్యాప్. పదిరోజులూ పెట్టే పిండాలతో రోజుకో అవయవం చొప్పున మూరెడు శరీరం తయారవుతుంది, ముందు తల. పదో రోజున ఆకలి, దప్పిక పుడతాయి. పదమూడో రోజున ప్రయాణం. యమపురికి 86,000 యోజనాలు, రోజుకి 247 యోజనాలు నడిపిస్తారు. దారిలో 16 ఊళ్ళు, సౌమ్యం మొదలుకుని బహుభీతి దాకా. ఒక్కో ఊళ్ళో ఆగి, ఇంటి దగ్గర పెట్టిన మాసికం తిని, కొడుకుల్నీ పెళ్ళాన్నీ తల్చుకుని ఏడ్చి మళ్ళీ నడవాలి. మధ్యలో విచిత్రభవనం అని ఒక ఊరు, దానికి రాజు విచిత్రుడు, యముడి తమ్ముడు. అది దాటాకే వైతరణి.

లెక్క వేశాను. 86,000 బై 247 అంటే 348 రోజులు. ముందు 12 రోజులు కలిపితే 360. సంవత్సరీకం నాటికి చేరుకోవాలన్నమాట. ఇంత పకడ్బందీ టైంటేబుల్ ఉన్న పరలోకాన్ని వదిలేసి యుద్ధాలు రాస్తారేంటి!

అలమారా
తిథుల లెక్కన సంవత్సరం 354 రోజులే. ఆరు రోజులు లేటు.

చిత్రగుప్తుడి_గుమాస్తా
అధికమాసం వస్తే సర్దుకుంటుంది సార్, వదిలేయండి.

అసలు చెప్పాలనుకున్నది మర్చిపోయాను. అందులో శ్రవణులు అని ఉంటారు, బ్రహ్మ కొడుకులు. దూరం నుంచే అన్నీ వింటారు, చూస్తారు, మనుషులు ఒంటరిగా చేసేవి కూడా చిత్రగుప్తుడికి చేరవేస్తారు. వాళ్ళ భార్యలు ఆడవాళ్ళ సంగతులు కనిపెడతారు. అంటే దర్గాకొండ గారి నానమ్మ చెప్పిన భుజం మీది రాతగాళ్ళూ వీళ్ళూ ఒకే ఉద్యోగం. వన్‌టౌన్‌లో ఒక టీకొట్టులో ఇద్దరూ ఎదురుపడి చిట్టాలు సరిచూసుకున్నారనుకోండి, ఒకడి పుస్తకంలో సింహాచలం మంచోడు, ఇంకోడి పుస్తకంలో బాకీదారు.

ఉప్పుగాలి
ఇది దొంగిలిస్తున్నా. ముందే చెప్తున్నా.

మిర్చిబజ్జీ
శ్రవణుడు చూశాడు, రాసేశాడు.

సందేహం_సత్తిబాబు
నాకు వీటి మీద నమ్మకం లేదు గానీ ఒక విషయం సరదాగా ఉంటుంది. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆస్పత్రిలో పనిచేసిన సత్వంత్ పస్రీచా, అమెరికా ప్రొఫెసర్ ఇయాన్ స్టీవెన్‌సన్ కలిసి 1986లో ఒక వ్యాసం రాశారు, మన దేశంలో చావు దాకా వెళ్ళి వెనక్కొచ్చిన వాళ్ళని కలిసి. అమెరికా వాళ్ళకి సొరంగం, వెలుగు, తేలిపోవడం కనిపిస్తుంటే మనవాళ్ళకి ఇద్దరు దూతలు, పుస్తకం పట్టుకున్న ఒక మనిషి కనిపిస్తారు. ఆ మనిషి పుస్తకం చూసి "వీడు కాదు, ఇంకోడు" అంటాడు. వెనక్కి పంపించేస్తారు. చచ్చి బతకడానికి మనవాళ్ళు చెప్పే కారణం గుమాస్తా పొరపాటు! నేను నవ్వుకున్నాను గానీ, ఎవరి పరలోకం వాళ్ళ ఆఫీసుల్లాగే ఉంటుందని అప్పుడు అర్థమైంది.

కంచరపాలెం_కుర్రాడు
ఆగండాగండి. హీరో పేరు సింహాచలం. వైజాగ్‌లో. హార్బర్‌లో. "సింహాచలం" అని ఒక్క కేక వేస్తే షిఫ్టులో ఎంతమంది తిరుగుతారో తెలుసా? మా వీధిలోనే నలుగురు. పెద్ద సింహాచలం, చిన్న సింహాచలం, పాల సింహాచలం, ఇంకొకడు మా బావ.

ఉప్పుగాలి
...

ఉప్పుగాలి
సారీ, కాసేపు ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నా. మూడేళ్ళు రాసి ఈ ముక్క తట్టలేదేంటి నాకు.

జ్ఞానాపురం_పిల్ల
తట్టదు, ఎందుకంటే ఏరియన్ అని పేరున్నవాడు ఇద్దరుండరు.

లంకెలపాలెం_లక్ష్మి
గుమాస్తా పొరపాటు అంటే నాది వినండి. మా నాన్నగారు పోయాక ఒక ఆఫీసులో ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో ఆయన పేరు బదులు మా పెదనాన్న పేరు పడింది. పెదనాన్న బతికే ఉన్నారు, పక్కనే నిలబడి ఉన్నారు. దిద్దండి అంటే అఫిడవిట్ తెండి అన్నారు. ఆ నాలుగు నెలలూ కాగితాల ప్రకారం నాన్న బతికున్నారు, పెదనాన్న లేరు. పెదనాన్న మొదట్లో నవ్వేవారు. రెండో నెల నుంచి నవ్వడం మానేశారు. రాత్రిపూట తలుపు ఎవరైనా కొడితే నన్ను వెళ్ళమనేవారు. కాగితం దిద్ది ఇచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారు.

@ఉప్పుగాలి మీ నవలలో తప్పు సింహాచలం పోతే సరే, అసలు సింహాచలం సంగతేంటి? తన వంతు ఇంకోడు తీసుకున్నాడని తెలిసిన మనిషి ఎలా బతుకుతాడు? నాకు అది చదవాలనుంది.

ఆవకాయ99
ఇందాక వాగింది నేనే కదా. ఇదైతే కొనుక్కుని చదువుతా.

పాతరోడ్డు_పంతులు
అంతా పైనుంచి వచ్చేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు, ఊళ్ళో ఉన్న ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. బురుజుపేట కనకమహాలక్ష్మి. గర్భగుడికి పైకప్పు లేదు, ఆరుబయటే ఉంటుంది, ఎండా వానా ఆవిడ మీదే. ఎవరైనా వెళ్ళి స్వయంగా నీళ్ళు పోసి పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. నేను పుట్టింది ఆ వీధిలోనే. మా అమ్మ లెక్కలో యముడైనా ఎవడైనా వన్‌టౌన్‌లోకి రావాలంటే ఆవిడకి చెప్పే రావాలి. పొలిమేర దేవతలు ఉన్నది అందుకే కదా. మీ ఏరియనూ మోర్గానూ ఎవరినీ అడగకుండా ఊళ్ళోకి దిగిపోయారు, ఆవిడ ఊరుకుంటుందా? ఆవిడ దేవదూతా కాదు, దయ్యమూ కాదు, స్వర్గంలో ఉండదు, నరకంలో ఉండదు. మన వీధి చివర ఉంటుంది.

పద్యపిచ్చి
పంతులుగారూ, దండం. పురాణాలన్నీ తిప్పాను గానీ ఈ పాయింటు నాకు రాలేదు. విష్ణుదూతలు వాదిస్తారు, ఆవిడ వాదించదు.

మిర్చిబజ్జీ
ఆవిడ ఒక్క చూపు చూస్తే దున్నపోతు రివర్సు గేరు.

నిద్రలేని_నర్సు
నైట్ డ్యూటీలో చదువుతున్నా, ఇది ఎక్కడా చెప్పలేదు, ఇక్కడ చెప్తాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. ఆ రాత్రి మా అమ్మమ్మ పోయింది. తుపాను వల్ల కాదు, వయసు వల్లే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధి నిండా చెట్లు పడిపోయాయి, కదలడానికి లేదు. రెండు రాత్రులు ఆవిణ్ణి హాల్లో చాపమీద పెట్టుకుని కూర్చున్నాం. ఒకటే దీపం. ఐసు ఎక్కడుంది, తాగడానికి నీళ్ళే లేవు.

మా తాతయ్య ఆవిడ పక్కనే కూర్చుని మాటిమాటికీ కిటికీలోంచి చూసేవాడు. ఎవరైనా వస్తారేమోనని మేం అనుకున్నాం. రెండో రోజు సాయంత్రం చెప్పాడు, "చెట్లు పడ్డాయి కదా, వాళ్ళకి కూడా దారి దొరకలేదు. ఇంకా ఇక్కడే ఉంది. మాట్లాడండి" అని. అప్పుడు మేమంతా ఒక్కొక్కళ్ళం వెళ్ళి మాట్లాడాం. నేను పదో తరగతిలో ఆవిడ గాజు పగలగొట్టి చెప్పకుండా దాచిన సంగతి చెప్పేశాను. మూడో రోజు పొద్దున మున్సిపాలిటీ వాళ్ళు రంపాలతో వచ్చి వీధి క్లియర్ చేశారు. తాతయ్య గుమ్మంలో నిలబడి చూసి "వచ్చేశారు" అన్నాడు. ఎవరు వచ్చారన్నాడో నేను అడగలేదు.

దర్గాకొండ
...

లంకెలపాలెం_లక్ష్మి
ఏమీ రాయలేకపోతున్నా అమ్మా.

ఉప్పుగాలి
@నిద్రలేని_నర్సు ఇది నేను వాడుకోను. మీరే రాయాలి. నిజంగా చెప్తున్నా.

నిద్రలేని_నర్సు
రాయడం రాదండీ. వాడుకోండి. గాజు సంగతి మాత్రం మార్చండి, మా పెద్దమ్మ ఇలాంటివి చదువుతుంది.

కంచరపాలెం_కుర్రాడు
ఒక్క అనుమానం. ఎంత బాగా రాసినా "చిత్రగుప్తా!" అనగానే మన బుర్రలో కైకాల సత్యనారాయణ, పక్కన అల్లు రామలింగయ్య వచ్చేస్తారు కదా. 1977 యమగోల నుంచీ యముడు మనకి కామెడీ. గద ఊపుతాడు, "యముండ" అంటాడు, భూలోకం వచ్చి హీరో చేతిలో తిప్పలు పడతాడు. భయం ఎలా తెప్పిస్తారు?

పద్యపిచ్చి
కామెడీ అవ్వడం తప్పేం కాదు. యముడు మొదట్నుంచీ పొరపాట్లు చేసే అధికారే. మాండవ్యుడు పసితనంలో పురుగుల్ని పుల్లతో గుచ్చాడని పెద్దయ్యాక కొరత వేయించాడు. ఆ ముని "తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా" అని ఎదురు శాపం పెట్టి, పద్నాలుగేళ్ళ లోపు చేసింది పాపం కిందికి రాదని రూలు మార్చేశాడు. యముడు విదురుడై పుట్టాడు. నచికేతుడు వెళ్తే మూడు రాత్రులు ఇంట్లో లేడు, పిల్లవాడు తిండి లేకుండా గుమ్మంలో కూర్చున్నాడు, వచ్చాక క్షమాపణగా మూడు వరాలు ఇచ్చాడు. తప్పు చేస్తే ఒప్పుకునే దేవుడు. సినిమావాళ్ళు కొత్తగా కనిపెట్టింది తక్కువే.

భయం కావాలంటే యముణ్ణి చూపించకండి. ఆయన కుక్కల్ని చూపించండి. ఋగ్వేదంలో ఉన్నాయి, రెండు, నాలుగేసి కళ్ళు, దేవతల కుక్క సరమ పిల్లలు. రాత్రి రెండింటికి కురుపాం మార్కెట్ దగ్గర నడిచి ఇంటికెళ్ళినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

కంచరపాలెం_కుర్రాడు
అక్కడ రెండు కాదు, ఇరవై ఉంటాయి. కళ్ళు లెక్కపెట్టే ధైర్యం లేదు.

సందేహం_సత్తిబాబు
ఇంకో ఐడియా. 1942 ఏప్రిల్ 6, జపాన్ విమానాలు వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. దూతల్లో పాతవాడు ఒకడు ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడై ఉంటే? హార్బర్ కట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా కాలేదు. వాడికి క్రేన్లంటే భయం ఉండొచ్చు.

న్యూజెర్సీ_నాగమణి
యమదూతకి భయం! మావాడికి చెప్తాను ఇది.

ఉప్పుగాలి
నాలుగు రోజులు కనపడలేదని తిట్టుకోకండి. ఏరియన్ లేడు, మోర్గాన్ లేడు, యుద్ధం లేదు. 310 పేజీల్లో 60 మిగిలాయి, అన్నీ వీధుల వర్ణనలు. మొదటి పేరా కొత్తగా రాశాను, మొహమాటం లేకుండా చెప్పండి.

"దూత చావులమదుం దగ్గర ఆగాడు. శవాల్ని పూర్వం ఇటుగానే మోసుకెళ్ళేవాళ్ళు కాబట్టి దారి వాడికి కొత్త కాదు, కానీ చేతిలో చీటీ మీద పేరు ఒక్కటే ఉంది, ఇంటిపేరు ఉండాల్సిన చోట టీ మరక. షిఫ్టు మారే వేళ. గేటు బయట టీకొట్టు దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, సింహాచలం అని పిలిచాడు. ఏడుగురు వెనక్కి తిరిగారు."

జ్ఞానాపురం_పిల్ల
చావులమదుం! మా ఇంటికి నడిచేంత దూరం. ఆ పేరు రోజూ అంటాం, ఒక్కసారి కూడా అర్థం గురించి ఆలోచించలేదు.

అలమారా
బాగుంది. "కాబట్టి" వాక్యం కొంచెం పొడుగైంది.

పద్యపిచ్చి
టీ మరక చాలు. చిత్రగుప్తుడి ఆఫీసు మొత్తం కనపడింది.

పాతరోడ్డు_పంతులు
ఊళ్ళోకి వస్తూ అమ్మవారికి చెప్పాడా లేదా?

ఉప్పుగాలి
చెప్పలేదు పంతులుగారూ. అందుకే మరక పడింది. అది తొమ్మిదో అధ్యాయంలో వస్తుంది.

దర్గాకొండ
ఏడుగురిలో తాయెత్తు ఉన్నది ఎవరికి?

ఉప్పుగాలి
ముగ్గురికి.

ఆవకాయ99
ఇంతకీ అసలు సింహాచలం ఇంటిపేరేంటి?

ఉప్పుగాలి
మీకు చెప్తే దూతకి కూడా తెలిసిపోతుంది. ఇక్కడ శ్రవణులు ఉన్నారు.

మిర్చిబజ్జీ
నేను కాదు. నేను ఉట్టి మిర్చిబజ్జీ.

కంచరపాలెం_కుర్రాడు
ఇంటిపేరు ఏదైనా పెట్టు గానీ మా బావది మాత్రం వద్దు అన్నా, మా అక్క నన్ను బతకనివ్వదు.